రాజీనామా రాస్తే పీఎఫ్ వస్తుందంటున్నారు. ఆయన మంచంలో ఉన్నారు, ఏం చేయమంటారు?

గోరింటాకు · 16 నవంబరు 2024, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు.

మా ఆయన హైదరాబాద్ పక్కన ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తారు. 2022 జనవరిలో చేరారు. జీతం అన్నీ కలిపి 18,500. ఆగస్టు నుంచి నడుం నొప్పి అంటూనే ఉన్నారు, మాత్రలు మింగి డ్యూటీకి పోయేవారు. దసరా ముందు, అక్టోబరు 7న పొద్దున మంచం మీంచి లేవలేకపోయారు. ప్రైవేటు ఆస్పత్రిలో ఎమ్మారై తీసి వెన్నులో టీబీ అన్నారు. ఏడాది దాకా మందులు వాడాలట. కనీసం నాలుగు నెలలు బరువులు ఎత్తకూడదు, ఎక్కువసేపు నిలబడకూడదు. ప్యాకింగ్ అంటే ఆ రెండే కదా.

ఉన్న సెలవులు అక్టోబరు 15తో అయిపోయాయి. 16 నుంచి లాస్ ఆఫ్ పే. నిన్న హెచ్చార్ నుంచి ఫోన్. "ఇన్నాళ్లు రాకపోతే పేరు ఉంచడం కష్టమమ్మా. రాజీనామా రాసిచ్చేయండి, పీఎఫ్ మొత్తం చేతికొస్తుంది, వైద్యానికి పనికొస్తుంది" అన్నాడు. మాటలు మంచిగానే ఉన్నాయి. సోమవారం కాగితం పంపిస్తాడట.

ఇంటి అద్దె, ఇద్దరు పిల్లల ఫీజులు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, దానితో కూరగాయలు వెళ్తాయి. సంతకం పెట్టించమంటారా?

---

లేత్‌మిషన్ · 16 నవంబరు, రాత్రి 11:52

వద్దు. వద్దు. వద్దు అక్కా. జీతం చీటీ తీసి అందులో ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కటింగ్ ఉందో లేదో చూడండి ముందు.

---

గోరింటాకు · 17 నవంబరు, ఉదయం 6:15

ఉంది తమ్ముడూ. 139 రూపాయలు. కార్డు కూడా ఉందట, పెళ్లప్పుడు నా పేరు ఎక్కించారు కానీ ఎప్పుడూ వాడలేదు. ఈఎస్ఐ అంటే ఆస్పత్రి కదా? మేం ప్రైవేటుకి వెళ్లిపోయాం.

---

పాత_గుమాస్తా · 17 నవంబరు, ఉదయం 8:30

అమ్మా, నేను ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో ముప్పై ఏళ్లు క్లెయిములు చూసి రిటైరైనవాణ్ని. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అందరూ చేసే పొరపాటే మీరూ చేశారు, ఈఎస్ఐ అంటే ఆస్పత్రి అనుకున్నారు. ఆస్పత్రి అందులో సగమే. రెండో సగం నగదు. జబ్బు చేసి పనికి పోలేని రోజులకు సగటు రోజు జీతంలో 70 శాతం మీ ఆయన బ్యాంకు ఖాతాలో పడుతుంది. దీన్ని సిక్‌నెస్ బెనిఫిట్ అంటారు. ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయి. జబ్బు సెలవు మొదలైన మొదటి రెండు రోజులకు మాత్రం ఇవ్వరు.

దీనికి ఒక షరతు ఉంది. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టినదానికి ఫలం వచ్చే జనవరి–జూన్‌లో. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి ఫలం జూలై–డిసెంబరులో. ఇప్పుడు నడుస్తున్నది జూలై–డిసెంబరు. అంటే మీ ఆయనకు పోయిన అక్టోబరు నుంచి ఈ మార్చి వరకు ఉన్న హాజరు చూస్తారు. 2022 నుంచి విడవకుండా చేస్తున్నారు కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక అసలు సంగతి. టీబీ మామూలు జబ్బుల లెక్కలోకి రాదు. దీర్ఘకాలిక జబ్బులని 34 ఉన్నాయి. టీబీ, కుష్టు, క్యాన్సర్, పక్షవాతం వంటివి అందులోకి వస్తాయి. వీటికి 91 రోజులు అయిపోయాక ఎక్స్‌టెండెడ్ సిక్‌నెస్ బెనిఫిట్ ఉంటుంది. అప్పుడు రేటు 80 శాతం. ముందు 124 రోజులు ఇస్తారు, అవసరమైతే పొడిగిస్తారు, మొత్తం రెండేళ్ల దాకా వెళ్లే వీలుంది. దానికి రెండేళ్ల నిరంతర ఉద్యోగం, వెనకటి నాలుగు చందా కాలాల్లో 156 రోజుల చందా కావాలి. మీకు రెండూ ఉన్నాయి.

రాజీనామా సంగతి చెప్తాను. 1948 ఈఎస్ఐ చట్టంలో 73వ సెక్షన్ ఉంది. సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న కాలంలో యజమాని ఆ మనిషిని ఉద్యోగంలోంచి తీసేయకూడదు, శిక్షించకూడదు. తీసేయడానికి వీల్లేదు గనకే "మీరే రాసిచ్చేయండి" అంటారు. నా సర్వీసంతా ఇదే చూశాను.

రేపు పొద్దున్నే ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లండి. నడవలేకపోతే ఆటోలో పడుకోబెట్టి అయినా సరే. ఎమ్మారై, ప్రైవేటు డాక్టరు కాగితాలు, కార్డు పట్టుకెళ్లి ఫస్ట్ సర్టిఫికెట్ (పనికి పోలేరని డాక్టరు మొదట ఇచ్చే కాగితం) రాయించుకోండి. ఆ తేదీ నుంచే మీకు లెక్క మొదలవుతుంది.

---

గోరింటాకు · 17 నవంబరు, ఉదయం 9:05

బాబాయ్ గారూ, చదివి ఆయనకు వినిపించాను. ఆయన నమ్మట్లేదు. "139 కట్టినందుకు రెండేళ్లు ఎవరిస్తారే" అంటున్నారు. 😔

మరి అక్టోబరు 16 నుంచి ఇప్పటిదాకా పోయినట్టేనా?

---

పాత_గుమాస్తా · 17 నవంబరు, ఉదయం 9:40

139 మీ ఆయనది. జీతంలో 0.75 శాతం. కంపెనీ తన వంతుగా 3.25 శాతం, అంటే ఇంకో ఆరు వందల దాకా కడుతోంది. 2019 జూలై దాకా ఇద్దరి వాటా ఇంకా ఎక్కువ ఉండేది, తర్వాత తగ్గించారు. నమ్మకపోతే నమ్మకపోనీండి, డబ్బు పడ్డాక నమ్ముతారు.

పాత రోజులకు దారి ఉంది, కానీ ఖాయమని చెప్పలేను. ప్రైవేటు డాక్టరు రాసిన కాగితాలను 'ప్రత్యామ్నాయ ఆధారం' కింద పెట్టుకోవచ్చు. ఆస్పత్రి చీటీలు, బిల్లులు, ఎమ్మారై తేదీ, అన్నీ జతచేసి బ్రాంచ్ ఆఫీసులో ఇవ్వండి. మెడికల్ రెఫరీ (ఈఎస్ఐ తరఫున మళ్లీ చూసే డాక్టరు) చూసి ఒప్పుకుంటే ఇస్తారు. ఎందుకు ముందే డిస్పెన్సరీకి రాలేదని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు రాయండి, కథలు అల్లకండి.

అక్టోబరు 7 నుంచి 15 దాకా మాత్రం అడగొద్దు. ఆ రోజులకు కంపెనీ సెలవు జీతం ఇచ్చింది కదా. ఒకే రోజుకు అటు జీతం, ఇటు బెనిఫిట్ రెండూ రావు.

---

కంచుకాగడా · 17 నవంబరు, ఉదయం 10:20

బాబాయ్ చెప్పింది పుస్తకంలో బాగానే ఉంటుంది. నేను వెళ్లిన డిస్పెన్సరీలో డాక్టరు వారానికి మూడు రోజులే. మందుల కిటికీ దగ్గర "లేవు, రాసిస్తాం, బయట కొనుక్కోండి". సర్టిఫికెట్ కోసం మూడుసార్లు తిప్పారు, నాకు జ్వరం తగ్గిపోయింది కానీ సర్టిఫికెట్ రాలేదు. ఈఎస్ఐ దండగ.

---

లేత్‌మిషన్ · 17 నవంబరు, ఉదయం 10:41

అన్నా, జ్వరానికి మూడుసార్లు తిరగడం దండగే, ఒప్పుకుంటా. నాకు ప్రెస్ మిషన్ కింద రెండు వేళ్లు పోయాయి. అది పనిలో గాయం, దాని లెక్క వేరు. మొదటి రోజు నుంచే 90 శాతం, చందా రోజుల షరతు కూడా లేదు. గాయం మానేదాకా ఇచ్చారు. ఆ తర్వాత బోర్డు పరీక్ష చేసి, పోయిన వేళ్లకు శాతం కట్టి నెలనెలా పెన్షన్‌లా ఇస్తున్నారు. నేను తిరిగింది మూడుసార్లు కాదు, ముప్పైసార్లు. కానీ వచ్చింది.

---

పాత_గుమాస్తా · 17 నవంబరు, ఉదయం 11:00

కంచుకాగడా గారి కోపంలో న్యాయం ఉంది. మన రెండు రాష్ట్రాల్లో డిస్పెన్సరీలు నడిపేది రాష్ట్ర ప్రభుత్వం. డబ్బులిచ్చే బ్రాంచ్ ఆఫీసు ఈఎస్ఐ కార్పొరేషన్‌ది. ఒక గోడ అవతలి వాళ్లకి ఇవతలి వాళ్ల పని తెలియదు. మధ్యలో నలిగేది ఐపీ. (ఐపీ అంటే ఇన్‌స్యూర్డ్ పర్సన్, మా ఆఫీసు భాషలో మీరందరూ ఐపీలే.)

---

చిన్న_యూనిట్ · 17 నవంబరు, మధ్యాహ్నం 2:15

అటువైపు నుంచి ఒక మాట. నాది 14 మంది పనిచేసే షెడ్డు. పది మంది ఉంటే ఈఎస్ఐ తప్పదు, కడుతున్నా. నాకూ మొదట్లో ఇది తెలియదు: మనిషి జబ్బుపడితే ఆ రోజులకు నేను నా జేబులోంచి ఏమీ ఇవ్వక్కర్లేదు. నేను చేయాల్సిందల్లా ఫలానా తేదీల్లో అతను పనికి రాలేదని ధ్రువీకరించడమే.

మరి కంపెనీలు రాజీనామా ఎందుకు అడుగుతాయంటే, ఆ చోటులో ఇంకో మనిషిని పెట్టాలి, ఇతను తిరిగొస్తే ఇద్దరవుతారని భయం. నాలుగు నెలలకు కాంట్రాక్టు మీద తీసుకుంటే సరిపోతుంది. చాలామందికి దుర్మార్గం కాదు, బద్ధకం. అలాగని మీరు నష్టపోవక్కర్లేదమ్మా.

---

కంచుకాగడా · 17 నవంబరు, మధ్యాహ్నం 2:30

బద్ధకం పేరు చెప్పి మనిషి పొట్ట కొట్టడం కూడా దుర్మార్గమే సార్.

---

అద్దె_కొంప · 17 నవంబరు, సాయంత్రం 5:50

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాకు జూలైలో జీతం 20,400 నుంచి 22,500 అయింది. 21,000 దాటితే ఈఎస్ఐ ఉండదన్నారు. సెప్టెంబరు దాకా కటింగ్ ఉంది, అక్టోబరు నుంచి ఆగింది. జనవరిలో హెర్నియా ఆపరేషన్ పెట్టుకున్నా, నెల రోజులు రెస్ట్ అంట. నాకిక ఏమీ రానట్టేనా?

---

పాత_గుమాస్తా · 17 నవంబరు, సాయంత్రం 6:30

వస్తుంది నాయనా. 21,000 పరిమితి 2017 జనవరి నుంచి ఉన్నదే. కానీ చందా కాలం మధ్యలో జీతం దాటితే ఆ కాలం చివరిదాకా కవరేజీ కొనసాగుతుంది, అందుకే సెప్టెంబరు దాకా కోశారు. ఆ ఏప్రిల్–సెప్టెంబరుకి ఫలం జనవరి–జూన్. మీ ఆపరేషన్ సరిగ్గా అందులోనే పడింది. జూన్ దాటితే కాదు. వాయిదా వేయకండి!

---

కృష్ణా_కాలువ · 17 నవంబరు, రాత్రి 9:10

మీరంతా జీతగాళ్లు. మా నాన్నది సొంత ఆటో. మార్చిలో పక్షవాతం వచ్చింది, కుడి కాలు చేయి పడిపోయాయి. ఆస్పత్రి ఖర్చు ఆరోగ్యశ్రీలో అయిపోయింది, ఒక్క పైసా కట్టలేదు. డిశ్చార్జ్ చేసి ఇంటికి పంపాక తెలిసింది. ఆస్పత్రి మంచానికి కార్డు ఉంది, ఇంట్లో మంచానికి లేదు. ఆటో ఫైనాన్స్ వాడు మాత్రం నెలనెలా వస్తున్నాడు.

20 రూపాయల బీమా కడుతున్నాం కదా, రెండు లక్షలొస్తాయని ఒకాయన అన్నాడు. నిజమేనా?

---

లేత్‌మిషన్ · 17 నవంబరు, రాత్రి 9:25

అది సురక్షా బీమా యోజన. ప్రమాదానికే తప్ప జబ్బుకి వర్తించదు తమ్ముడూ. ఈ-శ్రమ్ కార్డు (అసంఘటిత కార్మికుల నమోదు) చేయించుకున్నా నెల జీతం లాంటిదేమీ రాదు. ఆశ పెట్టుకోకండి.

---

రెల్లుగడ్డి · 17 నవంబరు, రాత్రి 10:05

కృష్ణా_కాలువ గారూ, మీరు ఆంధ్రా వైపు అయితే సదరం క్యాంపుకి (వైకల్యం ఎంత శాతమో తేల్చే చోటు) స్లాట్ తీసుకున్నారా? 40 శాతం వైకల్యం పైన ఉంటే ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000. ఈ జూలై నుంచి పెరిగింది. పక్షవాతంతో పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైతే 15,000. మా పెద్దమ్మ డయాలసిస్ మీద ఉంది, ఆమెకు 10,000 వస్తోంది. తెలంగాణలో ఆసరా కింద వికలాంగుల పెన్షన్ 4,016.

మా చిన్నాన్నకి ఇది తెలిసేసరికి ఏడాది గడిచిపోయింది. "తగ్గిపోతుందిలే, వికలాంగుడని రాయించుకోవడమెందుకు" అని ఇంట్లో వాళ్లే అడ్డుపడ్డారు. శాతం వేసే ముందు ఎంతవరకు కోలుకుంటారో కూడా చూస్తారు కాబట్టి డాక్టరుని అడిగి వెళ్లండి.

---

కృష్ణా_కాలువ · 17 నవంబరు, రాత్రి 10:20

మా ఇంట్లోనూ అదే మాటండీ. అమ్మ ఆ పదం వినలేకపోతోంది. రేపు సచివాలయానికి వెళ్తాను, ఆమెకు చెప్పకుండా.

---

(ఒక పోస్టు తొలగించబడింది)

నిర్వాహకుడు · 18 నవంబరు, ఉదయం 7:00

"ఈఎస్ఐ, పీఎఫ్ డబ్బులు వారంలో ఇప్పిస్తాం, 20 శాతం కమీషన్" అంటూ ఫోన్ నంబరు పెట్టిన పోస్టు తీసేశాను. ఇలాంటివి ప్రైవేటు మెసేజ్‌లో వచ్చినా నాకు చెప్పండి. ఓటీపీ ఎవరికీ ఇవ్వకండి.

---

సగం_నిద్ర · 18 నవంబరు, ఉదయం 7:45

పీఎఫ్ సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ఉద్యోగం మానకుండానే వైద్యానికి పీఎఫ్ అడ్వాన్స్ తీసుకోవచ్చు. ఫారం 31, కారణం 'ఇల్‌నెస్'. రూల్‌లో టీబీ పేరే ఉంది. ఇంత సర్వీసు ఉండాలన్న నియమం లేదు. ఆరు నెలల బేసిక్, డీఏ, లేదా వడ్డీతో కలిపి మీ వాటా, ఏది తక్కువైతే అది ఇస్తారు. ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. ఈ ఏప్రిల్ నుంచి లక్ష దాకా క్లెయిములు ఆటోమేటిక్‌గా సెటిల్ అవుతున్నాయి, నాకు నాలుగు రోజుల్లో పడింది.

రాజీనామా చేస్తే మాత్రం మొత్తం పీఎఫ్ కోసం రెండు నెలలు ఖాళీగా ఉండాలి. ఆ హెచ్చార్ గారు ఈ ముక్క చెప్పలేదు చూశారా.

---

రెల్లుగడ్డి · 18 నవంబరు, ఉదయం 8:10

టీబీ కాబట్టి నిక్షయ్‌లో (టీబీ రోగుల ప్రభుత్వ నమోదు) పేరు నమోదయిందో లేదో ప్రైవేటు డాక్టరుని అడగండి. టీబీ కేసులు తెలియజేయడం వాళ్ల బాధ్యత. నమోదైతే పోషణ కోసం నెలనెలా డబ్బు వేస్తారు. 2018 నుంచి 500 ఉండేది, ఈ నెల ఒకటో తేదీ నుంచి 1,000 చేశారు. మందులూ ఉచితమే. బయట కొంటుంటే ఆపేసి అడగండి. సారీ, మందులు ఆపకండి, కొనడం ఆపండి 🙂 ఒక్కరోజు కూడా మానకూడదు.

---

రెండో_షిఫ్ట్ · 19 నవంబరు, అర్ధరాత్రి 12:50

ఈ మాట ఎక్కడా రాయలేదు. ఇక్కడ పేరు కనిపించదు కాబట్టి రాస్తున్నా.

బాబాయ్ చెప్పిన 34 జబ్బుల జాబితాలో సైకోసిస్ కూడా ఉంది. 2019లో ఎవరికీ వినపడని గొంతులు నాకు వినపడేవి. మిషన్ నాతో మాట్లాడుతోందనుకున్నా. లైన్ ఆపేశాను. సూపర్‌వైజర్ తాగి వచ్చానని రాశాడు. మా అన్న ఈఎస్ఐ ఆస్పత్రికి తీసుకెళ్లాడు, చేర్చుకున్నారు, తర్వాత ఎనిమిది నెలలు ఇంట్లోనే. ఆ ఎనిమిది నెలలు డబ్బులొచ్చాయి.

డబ్బు కంటే నాకు టెన్షన్ ఏంటంటే కంపెనీకి తెలుస్తుందేమోనని. జబ్బు పేరు సెక్షన్‌లో ఎవరికీ తెలియలేదు. నడుం నొప్పి అని చెప్పాను. గోరింటాకు గారూ, మీ ఆయన నడుం నొప్పి నిజమైనది. గట్టిగా చెప్పుకోవచ్చు. ఆ మాత్రం అదృష్టమే అనుకోండి.

---

పాత_గుమాస్తా · 19 నవంబరు, ఉదయం 6:05

మీది కూడా నిజమైనదే నాయనా. ఇప్పుడు డ్యూటీకి వెళ్తున్నారా?

---

రెండో_షిఫ్ట్ · 19 నవంబరు, సాయంత్రం 4:30

వెళ్తున్నా సార్. మాత్ర వేసుకుంటా, వెళ్తా.

---

గోరింటాకు · 19 నవంబరు, రాత్రి 9:30

నిన్న కంపెనీ కాగితం వచ్చింది. సంతకం పెట్టలేదు. "ఈఎస్ఐ సిక్ లీవులో ఉన్నారు, సర్టిఫికెట్లు పంపుతాం" అని లేత్‌మిషన్ తమ్ముడు ప్రైవేటుగా రాసిచ్చిన నాలుగు లైన్లు ఈమెయిల్ చేశాను. ఫోన్ రాలేదు.

ఇవాళ డిస్పెన్సరీకి వెళ్లాం. కంచుకాగడా అన్న చెప్పినట్టే మందుల కిటికీ ఖాళీ. కానీ డాక్టరమ్మ ఎమ్మారై చూసి, ఇన్నాళ్లు ఎక్కడున్నారని కేకలేసి, ఫస్ట్ సర్టిఫికెట్ రాసింది. మొదట్లో వారం వారం రావాలట. పెద్ద ఆస్పత్రికి కూడా రాసింది.

బ్రాంచ్ ఆఫీసులో ఫారం 9 (డబ్బుల క్లెయిము ఫారం) ఇచ్చి, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ పెట్టాం. పాత తేదీల కాగితాలు వేరే అర్జీతో ఇచ్చాం. అక్కడి కుర్రాడు అర్జీ చూసి "ఇది ఎవరు రాసిచ్చారు" అన్నాడు. మా బాబాయ్ అన్నాను.

---

పాత_గుమాస్తా · 19 నవంబరు, రాత్రి 9:50

ఇచ్చిన ప్రతి కాగితం మీదా ముద్ర వేయించుకున్నారా?

---

గోరింటాకు · 19 నవంబరు, రాత్రి 9:53

అయ్యో.

---

పాత_గుమాస్తా · 19 నవంబరు, రాత్రి 9:55

వచ్చే వారం వెళ్లినప్పుడు కాపీ మీద వేయించుకోండి. ఇంకో సంగతి. బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో ఆయన ఇంకెక్కడా పని చేయకూడదు. మీ బ్లౌజులు మీవి, దానికేం లేదు.

---

కృష్ణా_కాలువ · 2 డిసెంబరు, మధ్యాహ్నం 1:15

సదరం స్లాట్ దొరికింది, ఈ నెల 20న. అమ్మకు చెప్పేశాను. ఏడ్చింది. తర్వాత నాన్న ఆధార్ కార్డు తనే వెతికి ఇచ్చింది. ఆటో అమ్మేస్తున్నాం. బేరం కుదిరింది కానీ ఫైనాన్స్ పోను మిగిలేది తక్కువే.

---

అద్దె_కొంప · 5 డిసెంబరు, ఉదయం 10:00

మా బ్రాంచ్ ఆఫీసులో అడిగాను. బాబాయ్ చెప్పిందే కరెక్ట్. మా హెచ్చార్‌కి కూడా తెలియదు, నన్నే రాసివ్వమన్నాడు.

---

గోరింటాకు · 24 డిసెంబరు, సాయంత్రం 7:20

మెసేజ్ వచ్చింది! నవంబరు 21 నుంచి డిసెంబరు 18 దాకా, 28 రోజులకు 11,844 రూపాయలు. 19, 20 తేదీలు బాబాయ్ చెప్పిన రెండు రోజుల కింద పోయాయి. అక్టోబరు నాటివి ఇంకా మెడికల్ రెఫరీ దగ్గరే ఉన్నాయి, ఆయన్ని ఒకసారి తీసుకురమ్మన్నారు. పీఎఫ్ అడ్వాన్స్ ముందే పడింది, స్కూలు ఫీజు కట్టేశాం.

కంపెనీ నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. ఎప్పుడొస్తారని అడిగారంతే.

ఒకటే సందేహం. 18,500 మీద లెక్కేస్తే రోజుకి ఇంకో రూపాయిన్నర, రెండు రూపాయలు ఎక్కువ రావాలి కదా బాబాయ్ గారూ? ఎక్కడైనా కోశారా?

---

పాత_గుమాస్తా · 24 డిసెంబరు, సాయంత్రం 7:45

ఆరు నెలల మొత్తం జీతాన్ని కంపెనీ చూపిన రోజులతో భాగిస్తారు. జీతం చీటీలో ఉన్న అంకె చూసి చెప్పండి. ఇంటి లెక్క వేరు, చీటీ లెక్క వేరు.

---

గోరింటాకు · 24 డిసెంబరు, రాత్రి 8:10

నమస్తే సార్. ఇది ఆమె ఫోనే, రాస్తున్నది నేను. పడుకునే టైప్ చేస్తున్నా. నా జీతం 18,420. ఆమె అందరికీ 18,500 అనే చెప్తుంది. లెక్క సరిగ్గానే ఉంది.

రెఫరీ దగ్గరికి వచ్చే నెల 3న వెళ్లాలి. అక్కడ ఎంతసేపు కూర్చోబెడతారో తెలిస్తే చెప్పండి, ఇరవై నిమిషాలు దాటితే కూర్చోలేకపోతున్నా.

---

పాత_గుమాస్తా · 24 డిసెంబరు, రాత్రి 8:25

తొమ్మిదిన్నరకల్లా వెళ్లి మీ పేరు మొదట రాయించుకోమనండి ఆమెను. మీరు పది తర్వాత రండి. బెల్టు తీయకండి, ఎమ్మారై ఫిల్ములు మర్చిపోకండి.